పోయిన వారం సంచికకు సవరణ

గురువారం సాయంత్రానికి ఊరంతా
తలకిందులై నా చేతికి వస్తుంది,
సీసం అక్షరాల్లో:
సంతపేట, గ్రీమ్స్‌పేట, కట్టమంచి.
పేజీలు నాలుగు, వెల అర్ధణా.
కొనేవాళ్ళు మూడు వందలు, చదివేవాళ్ళు మూడు వేలు.
మంగలి అంగట్లో ఒక్క ప్రతి ఆదివారం దాకా తిరుగుతుంది,
ఆమీద దాంట్లో బోండాలు కడతారు.

బెల్లం మండీలో ధర రెండణాలు దిగింది.
రెండో వీధి కొళాయికి నీళ్ళు ఆరు నుంచి ఏడు దాకానే;
ఇత్తడి బిందెకూ మట్టి కడవకూ ఎవరిది ముందని
జరిగిన తగాదాలో గాయపడింది కడవ ఒక్కటే.
కొయ్యపిడి గొడుగొకటి, పిడి మీద చిలక బొమ్మ,
బస్సు స్టాండులో దొరికింది, గుర్తులు చెప్పి తీసుకోవలెను.
గుర్తులన్నీ మేమే అచ్చేసినాం గనక
పదకొండు మంది వచ్చి సరిగ్గా చెప్పినారు.

బొమ్మ బ్లాకు మాకుండేది ఒక్కటే.
తలపాగా, మీసాలు, ఎవరో తెలీదు,
మదరాసు గుజిరీలో కొన్నది.
తాసీల్దారు బదిలీ అయినా ఆయనే,
షావుకారు షష్టిపూర్తికీ ఆయనే.
హెడ్మాస్టరు దొరైరాజు సన్మానానికి కూడా ఆయన్నే వేస్తే
హెడ్మాస్టరు భార్య వచ్చి, చాలాసేపు చూసి,
"ఈ మాదిరి తలపాగా మా ఇంట్లో లేదే" అనింది.

అందుకే జనం ముందు తిప్పేది కడపటి పేజీ,
అడుగున, ఎడమ మూల.
"పోయిన వారం కాలధర్మం చెందినట్టు ప్రకటించిన
మురకంబట్టు చెంగల్రాయులు గారు
తమ కాళ్ళ మీద నడిచి మా ఆఫీసుకు వచ్చినారు.
చింతిస్తున్నాము."
దేనికి చింతిస్తున్నారని ఆయన మళ్ళా వచ్చి అడిగినాడు.

ఆ ఏడు వానల్లో మునిలచ్చి పోయింది.
కచేరీ వీధి ఇరవై ఏళ్ళు ఊడ్చిన మనిషి.
తెల్లారి ట్రెడిల్ ఆపి నేను బయటికొచ్చేటప్పటికి
ఆమె చీపురు మా గడప దాకా వచ్చి తిరుక్కునేది.
రాలిన అక్షరాలు చెత్తలో కనబడితే
ఏరి, కడిగి, కిటికీలో వరసగా పెట్టి పొయ్యేది.
ఆమెకు చదువు రాదు. ఆ వరసలో మాటేమీ ఉండదు.
అయినా నేను చదివేవాణ్ణి.

జాగా లేదన్నాడు మొదలియారు.
తలనూనె ప్రకటనలో అమోఘమైన, అద్వితీయమైన,
ఆరోగ్యకరమైన అనేవి తీసేస్తే
రెండు లైన్లు దొరికినాయి.
పేరు కూర్చినాను, వీధి కూర్చినాను,
ఇంటిపేరు దగ్గర చెయ్యి ఆగింది.
మునిసిపాలిటీ జీతాల పుస్తకంలో కూడా ఆ గడి ఖాళీ.
"ఇంటిపేరు తెలియదు." అచ్చయింది.

మరుసటి బుధవారం ఒక పిల్లోడు,
యాదమరి నుంచి నడిచొచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా బురద,
గడప బయటే నిలబడుకున్నాడు. రమ్మన్నా రాలేదు.
చేతిలో బోండాల కాగితం, నూనె మరకలో మా రెండు లైన్లు.
"మా పెద్దమ్మకు ఇంటిపేరు ఉండాది సామీ.
ఎర్రోళ్ళు."
మళ్ళా వాన పట్టింది.
చిలక పిడి గొడుగు వాడి చేతికిచ్చి పంపినాను,
గుర్తులు అడక్కుండా.

మా గూళ్ళల్లో బండి ఱ ఒకటుండేది.
వాడేవాళ్ళు లేక అందులో సాలెపురుగు కాపురం.
ఉఫ్‌మని ఊదితే అది పక్కగూట్లోకి మారింది.
"ఱ ఎందుకురా దొరసామీ, ర చాలదా?"
చాలు. ఆమెకు ఎప్పుడూ ఏదో ఒకటి చాలుననే అన్నారు.
నేను పలకలేదు.

"పోయిన వారం ఇంటిపేరు తెలియదని ప్రకటించిన
కచేరీ వీధి మునిలచ్చి,
ఎఱ్ఱోళ్ళ మునిలచ్చి.
చింతిస్తున్నాము."
దేనికని ఈసారి ఎవరూ రాలేదు.
వాడని అక్షరం గదా, అంచు అరగలేదు.
ఆ ప్రతి నా పెట్టెలో ఉండాది,
కాగితం వెనకపక్క తడిమితే
ఇప్పటికీ వేలికి తగులుతుంది.